జనవరి స్పైన్ రేసుకు బెజవాడలో ఉండి తయారవడం ఎలా?

నడిచలికాలంలో ఇంగ్లండ్ కొండల మీద 431 కిలోమీటర్లు సాగే స్పైన్ రేసు మాట ఎత్తగానే మనవాళ్లు అడిగేది ఒకటే. “సంక్రాంతికి కూడా ఫ్యాను వేసుకునే ఊళ్లవాళ్లం, ఆ చలికి ఆగగలమా?” కరకట్ట మీద పరిగెత్తే కుర్రాళ్లూ ఇదే అడుగుతున్నారు, గుంటూరు నుంచి ఫోన్ చేసేవాళ్లూ ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఆగగలరు. అక్కడి చలి మనం ఊహించుకునేంత భయంకరమైనదేమీ కాదు. చాలా రోజులు సున్నాకు అటూ ఇటూగా, లేదంటే నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. అసలు ఇబ్బంది ఆ నాలుగు డిగ్రీల్లో వాన పడటం, దానికి ఈదురుగాలి తోడవడం, ఆ తడి ఒంటితోనే పదహారు గంటల రాత్రంతా నడవాల్సి రావడం. పొడి మంచులో మైనస్ పదికి తట్టుకున్నవాళ్లు కూడా దీనికి చేతులెత్తేస్తారు. అందుకే ఇక్కడ పరుగు గురించి తక్కువ, తడి గురించి ఎక్కువ చెబుతాను. తడిలో పని చేసుకోవడం బెజవాడలోనే నేర్చుకోవచ్చు.

ముందు రేసు లెక్క

ఇంగ్లండ్‌లో డార్బీషైర్‌లోని ఈడేల్ అనే చిన్న ఊరి నుంచి, కొండల మీదుగా ఉత్తరానికి, స్కాట్లండ్‌లోని కిర్క్ యెటమ్ దాకా వెళ్లే కాలిబాట పెన్నైన్ వే. 1965లో తెరిచారు. దాని మీద 2012 నుంచి జనవరిలో ఈ రేసు జరుగుతోంది. దూరం 268 మైళ్లు, అంటే 431 కిలోమీటర్లు. గడువు 168 గంటలు. మొత్తం ఎక్కాల్సిన ఎత్తు పదివేల మీటర్లకు పైమాటే. మీరు తింటున్నా, పడుకున్నా గడియారం ఆగదు.

ఐదు పెద్ద చెక్‌పాయింట్లు ఉంటాయి: హెబ్డెన్ బ్రిడ్జ్ దగ్గర ఒకటి, హాస్ దగ్గర ఒకటి, తర్వాత టీస్‌డేల్ లోయలో ఒకటి, ఆపైన ఆల్స్టన్, బెల్లింగ్‌హామ్. అక్కడ వేడి తిండి, పడుకునే చోటు, మీ డ్రాప్ బ్యాగ్ (నిర్వాహకులు ఒక చెక్‌పాయింట్ నుంచి ఇంకోదానికి చేరవేసే మీ సామాన్ల సంచి) దొరుకుతాయి. మధ్యలో మీకు మీరే దిక్కు.

431ని 168తో భాగిస్తే గంటకు రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. ఐదు చోట్లా ఆరేసి గంటలు ఆగారనుకుందాం. మిగిలేది 138 గంటలు. అప్పుడు గంటకు 3.1 కిలోమీటర్లు నడవాలి. అంటే ఇది నడక పోటీ, అందులోనూ ఆగకుండా నడిచేవాళ్ల పోటీ. 2024లో జాక్ స్కాట్ 73 గంటల లోపే ముగించారు. 2019లో జాస్మిన్ పారిస్ 83 గంటల 12 నిమిషాల్లో ఆడామగా అందరికంటే ముందు చేరారు, అదీ చెక్‌పాయింట్లలో ఆగి చంటిబిడ్డ కోసం పాలు పిండుకుంటూ. వాళ్ల లెక్కలు వాళ్లవి. మనం 160వ గంటకు చేరే లెక్క వేసుకుందాం.

కావలసినవి

- ఏడాదిన్నర వ్యవధి. ఇప్పటికే ఫుల్ మారథాన్ చేసినవాళ్లకు ఈ లెక్క. ఇంకా చేయనివాళ్లు ముందు అది చేసి రండి.
- కుట్లన్నీ లోపల టేపు వేసిన వాటర్‌ప్రూఫ్ జాకెట్, ప్యాంటు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. బూట్ల మీద వేలకు వేలు పోసి జాకెట్ దగ్గర పొదుపు చేసేవాళ్లే ఎక్కువ.
- ఒంటికి అంటి ఉండే మెరినో ఉన్ని లేదా సింథటిక్ బనియన్లు, పైన పల్చటి ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట). పత్తి పండించే ఊరివాళ్లకు ఈ మాట చెప్పడం కష్టమే గానీ, కాటన్ నూలుపోగు కూడా వద్దు. తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. లోదుస్తులకూ ఇదే నియమం.
- ఆగినప్పుడు వేసుకునే లావు జాకెట్. ఈకలది కాకుండా సింథటిక్ దూది ఉన్నది తీసుకోండి. ఈకలు తడిస్తే ముద్దకట్టి వేడినివ్వవు.
- గ్లవ్స్: పల్చటివి రెండు మూడు జతలు, వాటి మీదికి ఫ్లీస్‌వి, అన్నిటి మీదా వాటర్‌ప్రూఫ్ మిట్టెన్లు (నాలుగు వేళ్లూ ఒకే అరలో పట్టే తొడుగులు). ఇవి కాక ఇంకో జత పొడిగా, ప్లాస్టిక్ కవర్లో.
- హెడ్‌ల్యాంపులు రెండు, అదనపు బ్యాటరీలు. లిథియం బ్యాటరీలు చలికి మామూలువాటికంటే బాగా ఆగుతాయి.
- స్లీపింగ్ బ్యాగ్, కింద పరుచుకునే మ్యాట్, స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే వాటర్‌ప్రూఫ్ సంచి, చిన్న గ్యాస్ స్టవ్, మ్యాపు, కంపాస్, జీపీఎస్, ఈల, మంచు మీద జారకుండా బూట్లకు తగిలించే మైక్రోస్పైక్స్, ట్రెకింగ్ పోల్స్.

నిర్వాహకులు ఏటా తప్పనిసరి సామాన్ల జాబితా ఇస్తారు. ఒక్కో వస్తువూ తీసి చూపించమంటారు. లేకపోతే జరిమానా గంటలు వేస్తారు, లేదా బయటికి పంపేస్తారు. పైన రాసినవి అర్థం కోసమే, కొనేముందు ఆ ఏటి జాబితాను దగ్గర పెట్టుకోండి.

ఇంకొకటి, డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్లి రండి. చల్లనీళ్లలో చేయి పెడితే వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారే తత్వం ఉన్నవాళ్లు, ఉబ్బసం, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా రేసు ఫీజు కట్టొద్దు.

1. ఏ రేసో తేల్చుకోండి

మొదటిసారికే 431 కిలోమీటర్లకు పోవాల్సిన పని లేదు. అదే బాటలో ఈడేల్ నుంచి హార్‌డ్రా దాకా 108 మైళ్ల ఛాలెంజర్ సౌత్ అనే రేసు ఉంది. అంటే 174 కిలోమీటర్లు, 60 గంటలు. ఇది చిన్నది కదా, తేలిక అనుకుంటారు. లెక్క వేయండి, గంటకు 2.9 కిలోమీటర్లు. పెద్ద రేసు కంటే వేగం ఎక్కువ కావాలి, నిద్రకు వ్యవధి తక్కువ. అయినా రెండున్నర రోజుల్లో తేలిపోతుంది కాబట్టి మొదటిసారికి నేను దీన్నే చెబుతాను. జూన్‌లో జరిగే ఎండాకాలపు స్పైన్ ఇంకో దారి. బాట పరిచయమవుతుంది, వెలుతురు దండిగా ఉంటుంది.

దరఖాస్తులో మీ అనుభవం అడుగుతారు. రోడ్డు మారథాన్ మెడల్స్ అక్కడ పెద్దగా పనికిరావు. జవాది హిల్స్, మల్నాడ్ లాంటి కొండదారి అల్ట్రాలు (మారథాన్‌కంటే పొడవైన పరుగులు), రాత్రంతా సాగేవి, రెండు మూడు పూర్తి చేసి ఉండాలి.

2. కాళ్లు, ముఖ్యంగా దిగుడు

ఈ బాటలో అన్నిటికంటే ఎత్తయిన చోటు క్రాస్ ఫెల్, 893 మీటర్లు. ఇంచుమించు మన తిరుమల కొండంత. ఒక్క ఎక్కుడుగా చూస్తే మనవాళ్లకు లెక్కలోది కాదు. కానీ అలాంటి ఎక్కుడు దిగుళ్లు రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. ఎక్కుడుకు ఊపిరి ఆడక ఆగిపోయేవాళ్లు తక్కువ. దిగుళ్లకు తొడలు పట్టేసి ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

వారంలో రెండు రోజులు మెట్లు. అపార్ట్‌మెంట్ మెట్లు చాలు. ఆరు కిలోల బ్యాగుతో నలభై నిమిషాలు ఎక్కి దిగండి. లిఫ్టులో దిగొద్దు, అసలు వ్యాయామం దిగడమే. గాంధీ హిల్ దగ్గర ఉన్నవాళ్లకు ఆ మెట్లు బాగుంటాయి. ఆదివారాలు కొండవీడు ఘాట్ రోడ్డు గానీ, కోటప్పకొండ ఘాట్ రోడ్డు గానీ పట్టండి.

దుర్గమ్మ మెట్లు, మంగళగిరి పానకాల స్వామి మెట్లు ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అవి చెప్పులతో ఎక్కే మెట్లు కావు. భక్తుల మధ్య బూట్లేసుకుని, పోల్స్ ఊపుకుంటూ ఎక్కితే ఎవరో ఒకరు అడ్డుకుంటారు, అడ్డుకోవడమే న్యాయం. కొండపల్లి అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ వాళ్లను అడిగి, పగలే వెళ్లి రండి.

సరిపోయిందా లేదా చూసేది ఇలా: శనివారం కొండ మీద ఐదారు గంటలు చేశాక ఆదివారం పొద్దున రెయిలింగ్ పట్టుకోకుండా మూడంతస్తులు దిగగలగాలి. పట్టుకోవాల్సి వస్తే ఇంకా టైముంది, దూరం పెంచొద్దు, దిగుళ్లు పెంచండి.

3. బురద

పెన్నైన్ వేలో పీట్ నేల చాలా ఉంటుంది. నల్లటి, నీళ్లు తాగిన స్పాంజి లాంటి నేల. కొన్నిచోట్ల మోకాలి లోతు దిగబడుతుంది. మరీ పాడైన చోట్ల పెద్ద పెద్ద నాపరాళ్లు పరిచారు. చాలామటుకు అవి మూతపడ్డ నూలు మిల్లుల గచ్చు రాళ్లు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో మన దేశపు పత్తి పోటెత్తింది లాంకషైర్‌లోని అలాంటి మిల్లులకే. ఇప్పుడు ఆ రాళ్ల మీద పల్చటి మంచు పొర పట్టి కాళ్లు జారుతుంటాయి. రాళ్ల మీద మెరుపు కనిపిస్తే జారేదాకా ఆగకుండా అప్పుడే స్పైక్స్ తగిలించండి.

ఈ బురద సాధనలో మనకు తిరుగులేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వాన వెలిసిన మర్నాడు రేగడి చేల డొంకల్లో నడవండి. ఒక్కో బూటుకూ కిలో మట్టి అంటుకుంటుంది. తెనాలి వైపు వాళ్లకు కాలవ గట్లు ఉన్నాయి. రైతును అడిగి వెళ్లండి, పొలం గట్టు తొక్కి తెగ్గొట్టకండి. పాముల కాలం కాబట్టి చీకట్లో టార్చి నేలకు దించి, పోల్‌తో చప్పుడు చేస్తూ నడవండి. మోటారు షెడ్ల దగ్గర, తెగిన తీగల దగ్గర దూరంగా ఉండండి. ఉరుములు మొదలైతే ఇంటికి వచ్చేయడమే.

4. జాకెట్ పరీక్ష

కొత్త జాకెట్ మీద కంపెనీ రాసిన అంకెలు నమ్మి విమానం ఎక్కొద్దు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర, ఛాతీ జిప్పు వెనక, జేబుల్లో టిష్యూ కాగితాలు పెట్టుకుని జాకెట్, ప్యాంటు వేసుకుని, హుడ్ బిగించి, షవర్ కింద ఇరవై నిమిషాలు నిలబడండి. చేతులు ఆడించండి, వంగి లేవండి. బయటికొచ్చి ఏ కాగితం తడిసిందో చూడండి. మణికట్లు తడిస్తే గ్లవ్స్ మీదికి జాకెట్ చేతులు వచ్చేలా పట్టీ బిగించాలి. ఛాతీ దగ్గర తడిస్తే జాకెట్ మార్చాలి.

రెండో పరీక్ష వానలో. తుఫాను ముసురు పట్టిన రోజు నాలుగు గంటలు నడవండి, పిడుగులు లేనప్పుడు మాత్రమే. మన వాతావరణంలో లోపల చెమటకే తడిసిపోతారు. అక్కడా అదే జరుగుతుంది: చలి భయంతో అన్నీ వేసుకుని బయల్దేరతారు, మొదటి ఎక్కుడులోనే చెమట పడుతుంది, కొండ మీద గాలి తగలగానే ఆ చెమటే వణికిస్తుంది. బయల్దేరిన పది నిమిషాలు కాస్త చలిగానే ఉండాలి. ఎక్కుడు ముందే ఒక పొర తీయండి, కొండ మీదికి చేరేముందే వేసుకోండి. చలి వేశాక వేసుకుందాంలే అనుకుంటే అప్పటికి వేళ్లు మాట వినవు.

5. చేతులు

ఈ మొత్తంలో ఒక్కటే చేసే తీరిక ఉందంటే ఇది చేయండి.

బకెట్లో సగం నీళ్లు, సగం ఐసు. చేతులు మణికట్ల దాకా ముంచి రెండు నిమిషాలు ఉంచండి, అంతకంటే వద్దు. తీసి, తుడుచుకోకుండా, ఈ పనులు వరసగా చేయండి: బూటు లేసు కట్టడం, హెడ్‌ల్యాంప్ బ్యాటరీ మార్చడం, చాక్లెట్ కవరు చింపడం, జాకెట్ జిప్పు ఎక్కించడం, స్టవ్ వెలిగించడం. ఆరుబయట చేయండి, వంటింట్లో కాదు. మొదటిసారి సగం పనులు కావు. అప్పుడు బుర్ర పెట్టండి. జిప్పులకు వేలు దూరేంత తాడు ఉచ్చులు కట్టండి. చాక్లెట్ కవర్లు ముందే కత్తిరించి పెట్టుకోండి. లేసుల బదులు బిగించే తాడున్న బూట్లు చూడండి. పల్చటి గ్లవ్స్ తీయకుండా ఏమేం చేయగలరో రాసుకోండి. వారానికి ఒకసారి చొప్పున ఐదారు వారాలు చేస్తే వేళ్లు చలికి అలవాటు పడినా పడకపోయినా, సామాన్లు వేళ్లకు అలవాటు పడతాయి.

గుంటూరువాళ్లకు ఇంటి పక్కనే ఇంకో సదుపాయం ఉంది, మిర్చి కోల్డ్ స్టోరేజీలు. తెలిసినవాళ్ల ద్వారా యజమానిని అడిగి, తడి బట్టలతో లోపలికి వెళ్లి ఇరవై నిమిషాలు కూర్చుని, ఇవే పనులు చేయండి. అవసరమైతే సామాను అంతా నేల మీద పరిచి మళ్లీ సర్దండి. కానీ కొన్ని షరతులు. ఒంటరిగా వెళ్లొద్దు. తలుపు దగ్గరి మనిషికి చెప్పి వెళ్లండి. మాస్కు పెట్టుకోండి, మిర్చి ఘాటుకు దగ్గు ఆగదు. అమ్మోనియా వాసన ముక్కుకు తగిలితే మారు మాట్లాడకుండా బయటికి వచ్చేయండి.

రేసులో చేతులు ఎలా ఉన్నాయో చూసుకునే పద్ధతి చాలా తేలిక. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు తాకించండి. గంటకొకసారి చూసుకోండి. అందకపోతే అప్పుడే ఆగి మిట్టెన్లు వేసుకుని చంకల్లో చేతులు పెట్టుకోండి. స్టవ్ మంట మీద కాచుకోవద్దు, గట్టిగా రుద్దొద్దు. మొద్దుబారిన చర్మం కాలినా తెలియదు.

6. నిజం చలి

డిసెంబరు, జనవరుల్లో లంబసింగి, అరకు వైపు రెండు రాత్రులు. రాత్రి రెండింటికి లేచి నడక మొదలుపెట్టండి, స్లీపింగ్ బ్యాగ్‌లో బయటే పడుకుని చూడండి. ఖర్చుకు వెనకాడనివాళ్లు ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శీతాకాలపు ట్రెక్ చేస్తే మంచులో నడక, స్పైక్స్ వాడకం తెలుస్తాయి. ఐసు నీళ్ల టబ్బుల్లో మునగడం లాంటివి ఈ రేసుకు అక్కర్లేదని నా అభిప్రాయం. చూడ్డానికి బాగుంటాయి, అంతే.

7. పాదాలు

రెండో రోజు నుంచి ఎవరి పాదాలూ పొడిగా ఉండవు. గంటల తరబడి నానిన చర్మం తెల్లబడి ముడతలు పడుతుంది, ముడతల మధ్య చీలుతుంది, అడుగు వేస్తే గాజుపెంకుల మీద వేసినట్టుంటుంది. బొబ్బలకంటే దీనితోనే ఎక్కువమంది ఆగుతారు.

బూట్లు మామూలు సైజుకంటే కనీసం అర, వీలైతే ఒక సైజు పెద్దవి తీసుకోండి, పాదాలు వాస్తాయి. బయల్దేరేముందు అరికాళ్లకూ వేళ్ల మధ్యా మందంగా వాజ్‌లైన్ లేదా లానొలిన్ క్రీమ్ పట్టించండి. ఒక్కో చెక్‌పాయింట్‌లో మొదట చేసే పని బూట్లు, సాక్సులు విప్పడం. తుడిచి, కనీసం అరగంట గాలికి ఆరనిచ్చి, పడుకునేటప్పుడు సాక్సులు లేకుండా పడుకుని, లేచాక మళ్లీ క్రీమ్. వాటర్‌ప్రూఫ్ సాక్సులు కొందరికి పడతాయి, కొందరికి లోపల చెమటకే నానబెడతాయి. రేగడి బురదలో ఆరేడు గంటల నడకకు ఒక కాలికి అవి, ఒక కాలికి మామూలువి వేసుకుని చూస్తే మీకేది పడుతుందో తేలిపోతుంది.

ఎక్కడైనా చురుక్కుమంటే ఆ నిమిషమే ఆగి టేపు వేయండి. “వచ్చే చెక్‌పాయింట్‌లో చూద్దాం” అనేవాళ్లు అక్కడే ఇంటిదారి పడతారు. వచ్చే చెక్‌పాయింట్ అంటే కొన్నిచోట్ల 60, 70 కిలోమీటర్లు.

8. తిండి

గంటకు 200 నుంచి 250 క్యాలరీలు లోపలికి పోవాలి, ఆకలి ఉన్నా లేకపోయినా. జెల్స్ (పరుగువాళ్లు పిండుకుని తినే తీపి గుజ్జు పొట్లాలు) మీదే ఆధారపడితే రెండో రోజుకు వాటిని చూస్తేనే వాంతికొస్తుంది. పల్లీ చిక్కీ, నువ్వుండలు, వేయించిన జీడిపప్పు, ఖర్జూరం పనికొస్తాయి. చిక్కీ చలికి రాయిలా బిగుసుకుంటుంది, ముందే గోళీలంత ముక్కలు కొట్టి తీసుకెళ్లండి. పాలు, మాంసంతో చేసినవి మన దేశం నుంచి బ్రిటన్‌లోకి తీసుకుపోకూడదు. పాలకోవా, నెయ్యి సున్నుండలు, పూతరేకులు ఇంట్లోనే వదిలేయండి. ఉప్పు, కారం నాలుక్కి తగలాలనిపించే వేళలకు చిన్న పొట్లంలో కారప్పొడి పెట్టుకోండి, చెక్‌పాయింట్ బంగాళాదుంపల మీద చల్లుకోవచ్చు. క్రాస్ ఫెల్ దిగాక గ్రెగ్స్ హట్ అనే రాతి గుడిసెలో వలంటీర్లు వేడి నూడుల్స్ పెట్టడం ఈ రేసులో పేరుపడ్డ సంగతి. మిరపకాయలు కూడా వేస్తారు. గుంటూరువాళ్లు కారం మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

చలికి దాహం తెలియదు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. పైపుతో తాగే సంచిలో నీళ్లు గడ్డకట్టకుండా, తాగాక పైపులోకి గాలి ఊది నీళ్లను వెనక్కి పంపండి. కొండల నిండా గొర్రెలు మేస్తుంటాయి కాబట్టి వాగు నీళ్లు వడకట్టకుండా తాగొద్దు.

9. దారి

బాణం గుర్తులు అన్నిచోట్లా ఉండవు, పొగమంచులో ఉన్నవీ కనిపించవు. జీపీఎస్ ఉంది కదా అని మ్యాపు నేర్చుకోని వాళ్లు చాలామంది. బ్యాటరీ అయిపోతే ఏం చేస్తారు? సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు మీ మండలానిది తెచ్చుకుని, తెలియని పల్లెల మధ్య రాత్రిపూట కంపాస్‌తో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడవండి. ఇద్దరు వెళ్లండి. గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, అర్ధరాత్రి తలకు లైటు పెట్టుకుని చేల గట్ల మీద తిరిగేవాణ్ణి ఏ ఊరివాళ్లయినా నాలుగు ప్రశ్నలు అడుగుతారు.

10. నిద్ర

నిద్ర లేకుండా ఉండటం సాధన చేస్తే వచ్చేది కాదు. రేసు ముందు వారమంతా దండిగా నిద్రపోండి, అదే సాధన. నేర్చుకోవాల్సింది దొరికిన రెండు మూడు గంటల్లో వెంటనే నిద్రపోవడం, అలారానికి లేచి పదిహేను నిమిషాల్లో బయటపడటం. కళ్లకు పట్టీ, చెవులకు దూది మరిచిపోవద్దు. మూడో రాత్రికి బండరాళ్లు మనుషుల్లా కనిపిస్తాయి, అది అందరికీ మామూలే. మాట తడబడటం, చేతిలోవి జారిపడటం, అడుగు పక్కకు పడటం, ఏమీ పట్టనట్టు ఉండటం మాత్రం మామూలు కాదు. ఒళ్లు చల్లబడుతోందన్నమాట. ఎక్కడున్నా ఆగి, పొడి బట్టలు వేసుకుని, సంచిలో దూరి, తీపి తినండి. అయినా వణుకు తగ్గకపోయినా, వణుకే ఆగిపోయి మత్తుగా అనిపిస్తున్నా మీరెక్కడున్నారో తెలియడానికి నిర్వాహకులు ఇచ్చే ట్రాకర్‌లో సాయం మీట నొక్కండి. పరువు చూసుకునే వేళ కాదది.

రాత్రంతా సాధన చేసిన పొద్దున బండి నడపొద్దు. ఆటోలోనో బస్సులోనో ఇంటికి రండి.

11. చివరి పరీక్ష

సెప్టెంబరులో, రేసుకు నాలుగు నెలల ముందు. పూర్తి సామాను వీపున వేసుకుని శనివారం సాయంత్రం ఆరింటికి బయల్దేరి పొద్దున ఆరింటికల్లా 45 కిలోమీటర్లు. రెండు గంటలు నిద్ర. మళ్లీ 25 కిలోమీటర్లు. కొండవీడు నుంచి కోటప్పకొండ వైపు పల్లె రోడ్లు దీనికి బాగుంటాయి. వెలుగు పడితే మెరిసే జాకెట్ తప్పనిసరి, కుక్కలకు పోల్స్ ఉన్నాయి.

రెండో విడత గంటకు మూడున్నర కిలోమీటర్లకు తగ్గకుండా చేశారా? తడి సాక్సులతోనే చేశారా? తెచ్చిన తిండి ముప్పావు వంతు తిన్నారా? దారిలో ఆగిన నిమిషాలన్నీ కలిపితే గంటన్నర లోపు ఉన్నాయా? చాలామంది తప్పేది ఈ చివరిదానిలోనే. ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగారో కాగితం మీద రాయండి. చాక్లెట్ కోసం బ్యాగు దించారా, అది నడుం జేబులోకి మారాలి.

12. ప్రయాణం

విజిటర్ వీసా చాలు, వీసా సెంటర్‌కు వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి. క్రిస్మస్ రద్దీకి ముందే దరఖాస్తు పెట్టండి. పోల్స్, స్పైక్స్, కత్తి చెక్-ఇన్ లగేజీలో, పవర్ బ్యాంకులు చేతి సంచిలో. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనాలి. ఉత్త బ్యూటేన్ కొనొద్దు, సున్నా దగ్గర అది వెలగదు. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది అడగండి. మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్లే రైలు మార్గంలోనే ఈడేల్ స్టేషన్ ఉంది. రేసుకు మూడు నాలుగు రోజుల ముందే వెళ్లి, వాన పడుతున్నప్పుడు ఏదో ఒక కొండ ఎక్కి దిగండి.

13. చెక్‌పాయింట్‌లో వరస

ఒక కాగితం మీద రాసి, లామినేట్ చేయించి, డ్రాప్ బ్యాగ్ పైన పెట్టండి. అప్పటికి బుర్ర పని చేయదు. వరస ఇది: బూట్లు విప్పు. ఫోను, జీపీఎస్, లైట్లు చార్జింగ్. పొడి బట్టలు. తిండి. పాదాలు ఆరబెట్టు. నిద్ర. లేచాక క్రీమ్, టేపు, సాక్సులు. వచ్చే విడత తిండి జేబుల్లో. నీళ్లు. గ్లవ్స్ లెక్క. బయటికి. హీటర్ పక్కన కూర్చుని కబుర్లలో పడితే రెండు గంటలు తెలియకుండా కరిగిపోతాయి. మనవాళ్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ.

రేసయ్యాక

కిర్క్ యెటమ్‌లో బోర్డర్ హోటల్ గోడ తాకితే రేసు పూర్తయినట్టు. మర్నాటికి పాదాలు బూట్లలో పట్టవు, ఒక సైజు పెద్ద చెప్పులు డ్రాప్ బ్యాగ్‌లో ఉండాలి. దగ్గరి పెద్ద స్టేషన్ బెర్విక్. తిరుగు విమానానికి కనీసం రెండు రోజులు వ్యవధి పెట్టుకోండి, విమానంలో గంటకోసారి లేచి నడవండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే దిగగానే డాక్టరుకు చూపించండి. కాలివేళ్ల తిమ్మిరి కొన్ని వారాలు ఉండొచ్చు. వేలు నల్లబడినా, చీము పట్టినా ఇంటి వైద్యం పెట్టుకోవద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, తిమ్మిరి ఉన్నన్నాళ్లూ గోరువెచ్చనే, అదీ చేత్తో చూసుకున్నాకే.